డ్రైక్లీనింగు ద్రావణులు, వాని విషశేషములు

నీటితో పనిలేకయే బట్టలోని జిడ్డును తొలగించు విద్య ఒక వృత్తిగా రూపొంది రెండు శతాబ్దములు కావచ్చుచున్నది. ఉన్నికోటు ముడుచుకొనిపోవునేమో, పట్టుచీర రంగు దిగునేమో, జరీ నల్లబడునేమో యని సందేహించు గృహస్థుడు ఆ వస్త్రమును దుకాణదారు చేతికిచ్చి నిశ్చింతుడగును. నాలుగు నాళ్లకు అది మరక లేక, మడత నలగక, పలుచని సంచిలో తిరిగి యింటికి వచ్చును. వస్త్రమునకు కలిగిన మేలు కన్నులకు కానవచ్చుచునే యున్నది. కాని దానినుండి వీడిన మురికి యెచ్చటికి పోయినది, ఆ మురికిని విడదీసిన ద్రవమేమి, ఆ ద్రవము పనికిమాలినదైన పిమ్మట ఏ కాలువను, ఏ నేలను, ఏ బావిని చేరినది యను ప్రశ్న మాత్రము దుకాణపు గడప దాటి వెలుపలికి రాకున్నది. గడచిన ముప్పదియేండ్లలో పాత ద్రావణికి బదులుగా క్రొత్తవి పెక్కు బయలుదేరినవి. ప్రతిదానిని దాని విక్రేతలు నిరపాయకరమని చాటిరి. వీనినన్నింటిని వరుసగా పరిశీలించి, ద్రావణిని మార్చుట వేరు, విషశేషమును తొలగించుట వేరు అను సత్యమును నిరూపించుటయు, ఉన్న మార్గములలో ఏది నిజముగా మేలైనదో నిర్ణయించుటయు ఈ వ్యాసమునకు ఉద్దేశములు.

ఈ వృత్తి చరిత్రయంతయు ఒక అపాయమును వదలించుకొనబోయి మరియొకదానిని తెచ్చిపెట్టుకొనిన చరిత్రయే. తొలిదినములలో టర్పెంటైను, కిరోసిను, బెంజీను, పెట్రోలు వాడుకలో నుండెను. అవి జిడ్డును చక్కగా కరగించునవే కాని, రవ్వంత నిప్పు సోకినచో దుకాణమును దుకాణదారును కలిపి దగ్ధము చేయగలవు. అమెరికాలోని అట్లాంటా నగరమునకు చెందిన స్టాడర్డ్ అను డ్రైక్లీనరు, మెల్లన్ పరిశోధనాలయమునకు చెందిన లాయిడ్ జాక్సన్ సహకారముతో, 38 సెంటీగ్రేడు డిగ్రీలకు లోపల ఆవిరి మంటనందుకొనని పెట్రోలియం ద్రావణిని రూపొందించెను. 1928లో ఆ దేశపు వాణిజ్యశాఖ దానిని ప్రమాణముగా స్వీకరించెను. నిప్పు భయము తగ్గినది గాని తొలగలేదు. దానిని సమూలముగా తీర్చుటకై మండని క్లోరిన్ సమ్మేళనములు రంగమున ప్రవేశించినవి. వానిలో కార్బన్ టెట్రాక్లోరైడు పనివారి కాలేయమును మూత్రపిండములను చెరచెను. ట్రైక్లోరోఇథిలీను అసిటేటు బట్టల రంగులను కరగించివేసెను. ఆ తరువాత వచ్చిన సీఎఫ్‌సీ-113 వస్త్రమునకు మృదువైనదే యైనను ఓజోను పొరకు హాని చేయునని తేలి, 1987 నాటి మాంట్రియల్ ఒడంబడికననుసరించి తొలగింపబడెను. వీనియన్నింటి నడుమ నిలదొక్కుకొని, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమంతయు ఈ వృత్తిని ఏలినది పెర్‌క్లోరోఇథిలీను. వృత్తివారు దానిని పెర్క్ అని వ్యవహరింతురు.

1821లో మైకేల్ ఫారడే తొలిసారి తయారుచేసిన ఈ ద్రవమునందు దుకాణదారు కోరునట్టి గుణములన్నియు కలవు. అది మండదు, 121 డిగ్రీలకు మరుగును గనుక స్వేదనము చేసి మరల మరల వాడుకొనవచ్చును, జిడ్డును కరగించు శక్తిని కొలుచు కౌరి-బ్యుటనాల్ మానమున దానికి 90 అంకము లభించుచున్నది. యంత్రమును కొంచెము దగ్గరగా చూచినచో సంగతి బోధపడును. బట్టలు వేసి డ్రమ్ము తలుపు మూయగనే అడుగు తొట్టినుండి పెర్క్ పైకి వచ్చి వానిని ముంచును. డ్రమ్ము తిరుగుచున్నంతసేపు ద్రవము ఫిల్టరుగుండ పోయి వచ్చుచుండును. పిదప వడిగా త్రిప్పి పిండి, వేడిగాలి పంపి ఆరబెట్టి, ఆ గాలిలోని ఆవిరిని చల్లని గొట్టములపై ద్రవముగా మార్చి తొట్టికి చేర్తురు. మొదటితరము యంత్రములందు తడిబట్టలను చేతులతో తీసి వేరొక డ్రయ్యరులో వేయవలసి యుండెను. ఆ కొద్ది నిమిషములలోనే గదియంతయు ఆవిరితో నిండెడిది. నాలుగవతరము నాటికి శీతలీకరణయు బొగ్గు శోషకమును చేరి, ఆవిరిలో చాలభాగమును యంత్రములోపలనే బంధించినవి. ఈ అభివృద్ధి కొనియాడదగినదే. కాని గాలిలోనికి పోకుండ పట్టుకొనబడిన పదార్థము లేకుండపోదు, వ్యర్థరూపమున ప్రోగుపడును.

ఆ వ్యర్థము నాలుగు విధములు. మొదటిది స్వేదన పాత్రలో మిగులు అడుగుమడ్డి. మురికి, క్రొవ్వు, సబ్బు, ఊడిన రంగు, నూగు కలిసి నల్లని చిక్కని ముద్దయై యుండగా, ఉదయమున పనివాడు పాత్ర తలుపు తెరచి, పొడవాటి పారతో దానిని లాగి డ్రమ్ములోనికెత్తును. పాత్ర పూర్తిగా చల్లారకమునుపే తెరచినచో ఆవిరి నేరుగా వాని ముఖమునకు కొట్టును. దుకాణమున పెర్క్ అధికముగా సోకు ఘట్టములలో ఇది యొకటి. రెండవది ద్రావణితో నానిన ఫిల్టర్లు. మూడవది వలలలో చిక్కిన నూగును, కాలము తీరిన శోషకపు బొగ్గును. నాలుగవది, చూపునకు నిర్మలమై లోన విషమైనది, సెపరేటరు నీరు. బట్టలలోని తేమయు, ఆవిరి యంత్రముల తేమయు ద్రావణితో కలిసి వచ్చి, సెపరేటరులో విడిపడి పైన తేలును. ఇది నీరే కదా యని దానిని కుండీలో పారబోయుట యెంతో సులభము. దశాబ్దముల తరబడి జరిగినదియు అదియే. కాని ఆ నీట లీటరునకు 150 మిల్లీగ్రాముల వరకు పెర్క్ కరగి యుండును. వ్యర్థమును పరీక్షించి తీసిన సారమునందు లీటరునకు 0.7 మిల్లీగ్రాము ఉన్నచో దానిని ప్రమాదకర వ్యర్థముగా ఎంచవలెనని అమెరికా చట్టము. త్రాగునీటికి ఆ దేశము విధించిన హద్దు లీటరునకు 5 మైక్రోగ్రాములు. అనగా ఆ తేట నీరు మొదటి హద్దును రెండువందల రెట్లకు పైగా, రెండవ హద్దును ముప్పదివేల రెట్లు మించియున్నది. ఒక్క లీటరు పెర్క్ నేలపాలైనచో, దాని బరువు 1.6 కిలోలు గనుక, ముప్పదిరెండు కోట్ల లీటర్ల నీటిని త్రాగునీటి హద్దువరకు కలుషితము చేయుటకు అది చాలును.

నేలలోనికి దిగిన పెర్క్ నడత మరింత భయంకరమైనది. నీటికన్న బరువైనది గావున అది భూగర్భజలముపై తేలక, దానిని చీల్చుకొని అడుగునకు జారి, గట్టి మట్టిపొరల మీద మడుగు కట్టి, సంవత్సరముల తరబడి కొంచెము కొంచెముగా కరగుచుండును. నీటికన్న పలుచనిదై యుండుటచే కాంక్రీటు గచ్చులోని సన్నని బీటలగుండను, మురుగు గొట్టముల అతుకులగుండను సులభముగా చొరబడును. కాలిఫోర్నియాలోని సెంట్రల్ వ్యాలీ ప్రాంతీయ జలనాణ్యతా నియంత్రణ మండలి 1992లో వెలువరించిన నివేదిక, ఆ ప్రాంతపు బావులలోని పెర్క్‌కు డ్రైక్లీనింగు దుకాణములు ముఖ్యకారణమనియు, చట్టబద్ధముగానే మురుగుకాలువలోనికి విడిచిన నీరు గొట్టముల అతుకులనుండి నేలలోనికి ఇంకినదనియు తెలిపెను. గాలిసోకని నేలలో సూక్ష్మజీవులు పెర్క్‌లోని క్లోరినును ఒక్కొక్కటిగా ఊడదీయునపుడు, అది ట్రైక్లోరోఇథిలీనుగను, డైక్లోరోఇథిలీనుగను, తుదకు మానవులకు క్యాన్సరు కలిగించునని నిశ్చయముగా తెలిసిన వినైల్ క్లోరైడుగను మారును. ప్రకృతి తనంతట తాను శుద్ధి చేసికొనునని ఊరకుండువారికి ఇది హెచ్చరిక. సగములో నిలిచిపోయిన శుద్ధి మొదటి మాలిన్యముకన్న కీడైనది.

ఇందులకు ప్రసిద్ధమైన నిదర్శనము అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రమున గల క్యాంప్ లెజూన్ మెరైన్ సైనిక శిబిరము. శిబిరపు టరావా టెర్రస్ అను నివాసవాడకు ఎదుట, రహదారి ఆవలిప్రక్కన, 1950 దశకములో ఒక చిన్న డ్రైక్లీనింగు దుకాణము వెలసెను. అందలి వ్యర్థజలము నేలలోని తొట్టిలోనికి పోవుచుండెను. స్వేదనము చేయగా మిగిలిన మడ్డిని తీసికొనిపోయి సమీపపు సందులోని గుంతలను పూడ్చిరి. ఆ కాలమున దానిని తప్పుగా నెంచినవారు లేరు; ఎండిన మడ్డి మట్టివంటిదే యని తలచిరి. వాన కురిసినకొలది ఆ గుంతలనుండియు, ఆ తొట్టినుండియు పెర్క్ దిగి, సైనికుల కుటుంబములు త్రాగు నీటిబావులను చేరెను. 1985లో ఆ బావులను మూసివేయునాటికి కుళాయినీట లీటరునకు 215 మైక్రోగ్రాముల వరకు పెర్క్ కానవచ్చినది, అనగా నేటి హద్దునకు నలుబది మూడు రెట్లు. శిబిరములోని ఇతర నీటివ్యవస్థలు వేరు కారణములచేత కలుషితమయ్యెను గాని, ఈ వాడకు కీడు తెచ్చినది ప్రధానముగా ఈ యొక్క దుకాణమే. ఆ స్థలము 1989లో, శుద్ధి చేయవలసిన కలుషిత స్థలముల జాబితాయగు సూపర్‌ఫండ్ పట్టికకెక్కెను. 1953 మొదలు 1987 వరకు ఆ శిబిరమున ముప్పది దినములకు తక్కువ కాకుండ నివసించినవారు పరిహారమునకై దావా వేయుటకు 2022లో చట్టము చేయవలసివచ్చెను. బట్టల మురికికి తరములు తరములు వెల చెల్లించుట యనగా ఇదియే.

1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ పెర్క్‌ను మానవులకు బహుశః క్యాన్సరు కలిగించు పదార్థములలో చేర్చెను; 2012లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థయు ఇట్టి నిర్ణయమునకే వచ్చెను. నివాసములున్న భవనములలోని పెర్క్ యంత్రములను 2020 డిసెంబరు లోపల తొలగింపవలెనని ఆ సంస్థ 2006లోనే శాసించియుండెను. కాలిఫోర్నియా 2007లో నియమము చేసి 2023 జనవరినాటికి తన రాష్ట్రమున పెర్క్ వాడకమును ముగించినది. 2024 డిసెంబరులో ప్రకటింపబడిన సమాఖ్య నియమము దేశమంతటను పదియేండ్ల గడువులో దానిని డ్రైక్లీనింగునుండి తప్పింపవలెనని నిర్దేశించినది. ఈ నియమములు బిగిసినకొలది ప్రత్యామ్నాయముల సంతకు గిరాకి పెరిగినది. ఇక ఆ సంతలోనికి ప్రవేశింతము.

అన్నిటికన్న ఎక్కువగా వ్యాపించినవి శుద్ధిచేసిన హైడ్రోకార్బను ద్రావణులు. ఇవి స్టాడర్డ్ ద్రావణికి దాయాదులే. కాని సుగంధ హైడ్రోకార్బనులను చాలవరకు తొలగించి, ఆవిరి మంటనందుకొను ఉష్ణోగ్రత 60 డిగ్రీలకు పైకి పోవునట్లు తయారుచేయబడినవి. ఆ 60 అను అంకెను గమనింపవలెను. అమెరికా చట్టమున ద్రవవ్యర్థము 60 డిగ్రీలకు లోపల మంటనందుకొనినచో ప్రమాదకరము. దానిని దాటినచో ఆ పద్దు క్రింద ప్రమాదకరము కాదు. స్టాడర్డ్ ద్రావణి మడ్డి చట్టపు వలలో పడును. దాని దాయాది మడ్డి ఆ గీతను కొలది డిగ్రీలతో దాటి తప్పించుకొనును. ఒకటి విషము, మరియొకటి మట్టి యని తలచుటకు శాస్త్రమున ఆధారము లేదు. ఇవి పెర్క్‌వలె బావుల అడుగునకు దిగవు, నీటిపై తేలును, నేలలోని సూక్ష్మజీవులకు ఆహారమును కాగలవు. ఇది నిశ్చయముగా మేలే. కాని ఇవి గాలిలో చేరి పొగమంచు వంటి కాలుష్యమునకు దోహదము చేయును. మరుగు ఉష్ణోగ్రత అధికమగుటచే వీనిని శూన్యములో స్వేదనము చేయవలసియుండును. ఆ శ్రమకోర్వక కొందరు మట్టిపొడి ఫిల్టర్లతో సరిపెట్టుకొందురు, అప్పుడు ద్రావణితో నానిన పొడి మరియొక వ్యర్థమై గుట్టపడును.

మరి యొక చిక్కు లోతైనది, సాధారణముగా గమనింపబడనిది. హైడ్రోకార్బనుల జిడ్డు కరగించు అంకము ఇంచుమించు 27. పెర్క్‌కు అది 90 అని చెప్పితిని. ద్రావణి బలహీనమైనకొలది మొండి మరకల భారము చేతిపని మీద పడును. స్పాటింగు బల్లపై పనివాడు కూర్చుండి, కాలరు మీది జిడ్డును, గ్రీజును, రంగు మరకను చిన్న సీసాలోని రసాయనముతో తడిపి, ఆవిరి గొట్టముతో ఊదును. ఆ చిన్న సీసాలలో బహుకాలముగా ఉండినది ట్రైక్లోరోఇథిలీను, కాకున్న పెర్క్. ట్రైక్లోరోఇథిలీను క్యాన్సరు కలిగించునని నిశ్చయముగా తెలిసినది. 2024 డిసెంబరులో అమెరికా దానిని సంపూర్ణముగా నిషేధించుచు నియమము చేసెను. యంత్రమును మార్చి, గోడమీద పర్యావరణహితమని బోర్డు వ్రేలాడదీసిన దుకాణమునందు, ఆ చిన్న సీసా మారనిచో, మరకతోపాటు విషము బట్టకంటుకొని యంత్రములోనికి పోయి, అడుగుమడ్డిలోను సెపరేటరు నీటిలోను తేలును. ఒక చెంచాడు పదార్థము డ్రమ్మెడు మడ్డిని ప్రమాదకర వ్యర్థముగా మార్చగలదు. క్రొత్త ద్రావణుల వ్యర్థమును గూర్చి యోచించువారు మొట్టమొదట స్పాటింగు బల్లను పరిశీలింపవలెననుట ఇందువలననే.

సిలికోను ద్రావణి తరువాతి తరగతిది. రసాయనజ్ఞులు డీ5 అని పిలుచు ఈ ద్రవము కేశతైలములలోను, అలంకార లేపనములలోను చిరకాలముగా నున్నది. 1999 ప్రాంతమున గ్రీన్‌ఎర్త్ అను పేరిట డ్రైక్లీనింగునకు వచ్చినది. వాసన లేదు, వస్త్రమునకు మెత్తన, 77 డిగ్రీలదాక మంటనందుకొనదు. అది తుదకు ఇసుకగను, నీరుగను, బొగ్గుపులుసు గాలిగను మారిపోవునని దానిని అమ్మువారు చెప్పుదురు. గాలిలో అట్లు మారుట నిజమే. నీటి అడుగు బురదలో మాత్రము అది దీర్ఘకాలము నిలిచియుండును. ఐరోపా సమాఖ్య దానిని అత్యంత దీర్ఘస్థాయియనియు, జీవదేహములలో అత్యధికముగా ప్రోగుపడునదియనియు నిర్ణయించి, 2018లో మిక్కిలి ఆందోళనకరమగు పదార్థముల పట్టికలో చేర్చెను. 2020 ఆరంభమునుండి, కడిగివేయు సౌందర్యసాధనములలో నూటికి 0.1 వంతు మొదలుకొని దానిని కలుపరాదని నిషేధించెను. ఆడు ఎలుకలకు అధికమోతాదున ఆవిరి నెక్కించిన పరీక్షలో గర్భాశయమున కణితులు కానవచ్చినవి. ఆ ఫలితము మానవులకు వర్తించునా యను విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు. దీని జిడ్డు కరగించు అంకము 13 మాత్రమే. కావున స్పాటింగు చిక్కు ఇచ్చట మరింత బలీయమైనది.

నార్మల్ ప్రొపైల్ బ్రోమైడు కథ అన్నింటికన్న విషాదకరమైనది. పెర్క్ యంత్రములోనే కొద్ది మార్పులతో వాడుకొనదగినదనియు, పెర్క్‌కన్న బలమైనదనియు చెప్పి దీనిని అమ్మిరి. క్రొత్త యంత్రము కొనలేని చిన్న దుకాణదారులు దీనిని ఆశతో స్వీకరించిరి. ఇది నాడీమండలమును పాడుచేయును: కాళ్లు తిమ్మిరెక్కుట, నడక తూలుట, జ్ఞాపకము చెడుట దీని లక్షణములు. న్యూజెర్సీలో ఈ ద్రావణి వాడిన డ్రైక్లీనింగు పనివానికి నాడీవ్యాధి సోకిన వృత్తాంతమును 2008లో అమెరికా ప్రజారోగ్య సంస్థ ప్రకటించెను. 2014లో పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘము పనిచోటి గాలిలో దీని పరిమితిని పదిలక్షల పాళ్లలో 10 పాళ్లనుండి 0.1 పాలుకు, అనగా నూరవవంతునకు, తగ్గించెను. ఆ యేడే జాతీయ విషవిజ్ఞాన కార్యక్రమము దీనిని క్యాన్సరు కలిగింపగలదని భావింపదగిన పదార్థములలో చేర్చెను. ఇంతటి విషము విడిచిన మడ్డి సంగతియేమి? అమెరికా వ్యర్థచట్టపు ద్రావణి పట్టిక 1980 నాటిది; అందు పెర్క్ పేరున్నది, దీని పేరు లేదు. పెర్క్‌కు బదులుగా అంతకన్న తీవ్రమైన ద్రావణిని వాడినవాడు చట్టముదృష్టిలో ఎక్కువ స్వేచ్ఛ గలవాడయ్యెను.

బ్యుటిలాల్ అను పేరుగల అసిటాల్ ద్రావణి 2010 ప్రాంతమున జర్మనీనుండి వచ్చినది. శక్తిలో అది పెర్క్‌కు చేరువైనది, మంటనందుకొను ఉష్ణోగ్రతలో 60 గీతకు కొంచెము మీదిది. ఆమ్లము తగిలినచో బ్యుటనాలుగను ఫార్మాల్డిహైడుగను విడిపోవు స్వభావము దాని రసాయన నిర్మాణముననే యున్నది. గ్లైకాల్ ఈథర్లు మరికొన్ని. ఇవి నీటితో కొంత కలియు గుణము కలవి గనుక, సెపరేటరు నీటిలో ఇవి మరింత ఎక్కువగా మిగులును. ఈ రెండు తరగతులను గూర్చిన ఆరోగ్య పరిశోధన పెర్క్‌ను గూర్చినదానితో పోల్చినచో అత్యల్పము. హానికి సాక్ష్యము లేకపోవుటను హాని లేకపోవుటగా ఎంచిన పొరపాటు కార్బన్ టెట్రాక్లోరైడు నాటినుండి ఈ వృత్తిని వెన్నాడుచున్నది.

ఇచ్చట చట్టముల పద్ధతిని గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. పదార్థముల పేర్లు వ్రాసిన పట్టికను పట్టుకొని వ్యర్థమును నిర్ణయించు చట్టము, క్రొత్త పేరుతో వచ్చు పాత కీడును పట్టుకొనజాలదు. వ్యర్థపు గుణమును పరీక్షించు చట్టము పట్టుకొనగలదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రములు సమాఖ్య పట్టికకు మించి ఇట్టి పరీక్షను చేర్చినవి: వ్యర్థమును నీట కలిపి చేపపిల్లలను అందులో 96 గంటలుంచుదురు, కాలిఫోర్నియాలో లీటరునకు 500 మిల్లీగ్రాములకు లోబడిన పాలులోనే సగము చేపలు చనిపోయినచో ఆ వ్యర్థము, దాని పేరేదైనను, ప్రమాదకరమే. అడుగుమడ్డిలో ద్రావణి యొక్కటే కాదు, సబ్బులు, స్పాటింగు రసాయనములు, బట్టల రంగులు, వానిపై పూసిన పదార్థములు కలగలిసి యుండును. ఈ మిశ్రమమును గూర్చి ద్రావణి తయారీదారు ఇచ్చు పత్రము ఏమియు చెప్పజాలదు. చేప చెప్పును.

ఇక మిగిలినవి రెండు మార్గములు. మొదటిది ద్రవరూప కార్బన్ డయాక్సైడు. సాధారణ ఉష్ణోగ్రతవద్ద వాతావరణ పీడనమునకు ఏబది అరువది రెట్ల ఒత్తిడిలో ఆ వాయువు ద్రవమగును. తనంత తాను జిడ్డును అంతగా కరగింపదు గాని, తగిన సబ్బు తోడైనచో శుభ్రపరచును. అట్టి సబ్బులను కనుగొనిన ఉత్తర కెరొలైనా ఆచార్యుడు జోసెఫ్ డిసైమన్ 1997లో అమెరికా అధ్యక్షుని హరిత రసాయన పురస్కారమును పొందెను. ఉతుకు ముగిసి ఒత్తిడి సడలగనే ద్రవము వాయువై లేచిపోవును. ఆరబెట్టు పని లేదు. మిగులునది మురికియు సబ్బును మాత్రమే. ఇతర పరిశ్రమలలో ఉపఫలముగా వచ్చిన వాయువునే వాడవచ్చును గనుక భూతాపమునకు క్రొత్తగా చేరునది లేదు. దీని లోపము ఖరీదు: అంత ఒత్తిడి నోర్చు యంత్రము చిన్న దుకాణమునకు అందనిది.

రెండవది నీరే. 1991లో జర్మనీకి చెందిన మీలే, క్రొయిస్లర్ సంస్థలు కలిసి వృత్తిపరమైన తడి శుద్ధి విధానమును రూపొందించినవి. నీరు వస్త్రమును చెరచుననుట సగము సత్యము. చెరచునది వేడి, గట్టి కుదుపు, అదుపులేని ఆరబెట్టుట. కంప్యూటరు అదుపులో మెల్లగా ఊగు డ్రమ్ము, చల్లని నీరు, మృదువైన సబ్బు, తేమను కొలిచి సరియైన క్షణమున ఆగు డ్రయ్యరు, కోటును భుజములవద్ద లాగిపట్టి ఆకారము నిలుపు బిగింపు ప్రెస్సు, వీనికితోడు నేర్పుగల చేయి, ఇవి యున్నచో ద్రావణికి పంపు బట్టలలో అత్యధికభాగము నీటనే శుభ్రపడును. అడుగుమడ్డి లేదు, స్వేదన పాత్ర లేదు, భూగర్భమునకు దిగు విషము లేదు. నీరు, చేతిపని కొంత ఎక్కువ, విద్యుత్తు తక్కువ. ఇచ్చటను స్పాటింగు సీసా మంచిదై యుండవలెననుట మరువరాదు, ఏలయన ఈ నీరు నేరుగా మురుగుకాలువకు పోవును. కాలిఫోర్నియా 2003లో చట్టము చేసి, పెర్క్‌పై పన్ను వేసి, ఆ ధనముతో నీటికిగాని కార్బన్ డయాక్సైడుకుగాని మారు దుకాణమునకు 10,000 డాలర్లు ఇచ్చెను, హైడ్రోకార్బనునకు ఇయ్యలేదు. వాషింగ్టన్ రాష్ట్రపు కింగ్ కౌంటీ తడి శుద్ధికి 20,000 డాలర్ల వరకు సాయము చేసెను. ఈ దుకాణములలో అనేకము వలసవచ్చిన కొరియా కుటుంబములవి. భార్యాభర్తలే యజమానులు, వారే పనివారు, ఆవిరిని పీల్చువారును వారే. అట్టివారిని దండించు చట్టముకన్న చేయూతనిచ్చు చట్టమే త్వరగా ఫలించినది.

మన తెలుగు నగరముల సంగతి వేరు కాదు. మన డ్రైక్లీనింగు దుకాణములలో విరివిగా వాడబడునది మినరల్ టర్పెంటైన్ ఆయిల్, అనగా స్టాడర్డ్ ద్రావణి కుటుంబమునకే చెందినది; పెద్ద దుకాణములలో పెర్క్ యంత్రములును కలవు. స్టాడర్డ్ నిర్ణయించిన 38 డిగ్రీల రక్షణ హద్దును విజయవాడలో వైశాఖపు పగటివేడి అవలీలగా దాటును. మూసిన గదిలో ఆ ఆవిరి యెట్టి అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు. కార్బన్ టెట్రాక్లోరైడును మన దేశము మాంట్రియల్ ఒడంబడిక ప్రకారము 2009 చివరకు తొలగించినది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమావళి ప్రథమ పట్టికలో ద్రావణుల వాడకము ఇరువదవ అంశము. కలుషిత ద్రావణులు, వాడిన ద్రావణులు, స్వేదనపు మడ్డి అందు స్పష్టముగా పేర్కొనబడినవి. అట్టి వ్యర్థమును తొంబది దినములకు మించి నిలువయుంచరాదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో, అధికృత కేంద్రమునకు పంపవలెను. తెలంగాణమున దుండిగల్‌లోను, ఆంధ్రమున విశాఖ చెంత పరవాడలోను అట్టి కేంద్రములున్నవి. మన పట్టిక ద్రావణుల పేర్లతో ఆగక పనిని, వ్యర్థపు రకమును పేర్కొనినది. ఇది మనకు మేలు. కాని నెలకు ఒక డబ్బాడు మడ్డి వచ్చు వీధిదుకాణము దానిని తనంత తానే పరవాడకు పంపజాలదు. దారి చూపనిచో ఆ డబ్బా కాలువ దారినే పట్టును. పరిశ్రమల వ్యర్థములతో చెడిన పటాన్‌చెరు బావులను చూచిన తెలుగువారికి ద్రావణి కలిసిన నీటి సంగతి బోధింపవలసిన పనిలేదు.

తడి శుద్ధికి మన యింటనే పాదున్నది. కుంకుడురసములో పట్టుచీరను ముంచి, పిండక నీడనారవేసి, దశాబ్దములు మెరుపు చెడకుండ కాపాడిన తల్లులు మన యిండ్లలో నిన్నమొన్నటివరకు నుండిరి. వస్త్రపు నేతను, రంగును చేతితో తాకి చెప్పగల నేర్పు రజక వృత్తివారికి తరతరములుగా అబ్బినది. ఆ నేర్పునకు తడి శుద్ధి యంత్రము, శిక్షణ, అప్పు తోడైనచో ఈ విధానము మన పట్టణములలో వేళ్లూనుట కష్టము కాదు. జరీ విషయమున, అద్దకపు రంగుల విషయమున ముందుగా చిన్నకొసపై పరీక్షింపవలెననుట వృత్తివారు ఎరిగినదే.

ఇంతవరకు విచారించినదానినిబట్టి నా నిర్ణయమిది. నీట శుభ్రపడగల ప్రతి వస్త్రమును నీటనే శుభ్రపరుపవలెను. అట్లు శుభ్రపడనిదానికి కార్బన్ డయాక్సైడు ఉత్తమము. అది అందనిచోట మూసిన యంత్రములో హైడ్రోకార్బను సహింపదగినది, దాని మడ్డిని పరీక్షచే నిరపాయమని తేలువరకు ప్రమాదకరముగనే భావించినచో. సిలికోనును సందేహముతో చూడవలెను. బ్యుటిలాలును గ్లైకాల్ ఈథర్లను పరిశోధన ముగియకమునుపు నిరపాయములని పొగడరాదు. పెర్క్‌ను గడువు పెట్టి సాగనంపవలెను. ప్రొపైల్ బ్రోమైడును మన దుకాణములలో అడుగుపెట్టనీయరాదు. స్పాటింగు బల్లనుండి క్లోరిను ద్రావణులను నేడే తొలగింపవచ్చును, దానికి యంత్రపు ఖర్చు లేదు.

ప్రభుత్వములకు నా విన్నపము: నగరమునకొక బండి నెలకొకసారి దుకాణము దుకాణమునకు వచ్చి మడ్డిని, ఫిల్టర్లను, సెపరేటరు నీటిని స్వల్పరుసుముతో తీసికొనిపోవు ఏర్పాటు చేయుడు, తడి శుద్ధికి మారు వృత్తివారికి ఋణమిండు. దుకాణదారులకు విన్నపము: సెపరేటరు నీటిని కుండీలో పోయకుడు, పాత్ర చల్లారనిదే తెరవకుడు. పాఠకులకు విన్నపము: మీ కోటు లోపలి పట్టీని చూడుడు. వలయములో పి అను ఇంగ్లీషు అక్షరమున్నచో పెర్క్, ఎఫ్ ఉన్నచో హైడ్రోకార్బను, డబ్ల్యూ ఉన్నచో వృత్తిపరమైన తడి శుద్ధి దానికి తగునని అర్థము. డబ్ల్యూ ఉన్న వస్త్రమును నీటనే శుభ్రపరుపుమని దుకాణమున అడుగుడు. ఆ వెనుక, మీ మడ్డిని ఎచ్చటికి పంపుచున్నారని కూడ అడుగుడు.